ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, క్యామ్రీ సెడాన్: ఒక మేస్త్రి, ఒక ఇంజనీరు

రోడ్‌స్టర్ అంటే ఇద్దరే కూర్చునే, గట్టి పైకప్పు లేని, నేలబారుగా ఉండే తేలికపాటి కారు. సెడాన్ అంటే నాలుగు తలుపులు, ఐదుగురికి చోటు, వెనక విడిగా డిక్కీ ఉన్న కుటుంబం కారు. మొదటి రకంలో పేరెన్నికగన్నది ఎమ్‌జీబీ. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైంది. గట్టి కప్పున్న జీటీ రకంతో కలిపి ఐదు లక్షల పైచిలుకు బళ్ళు బయటికొచ్చాయి. రెండో రకానికి టొయోటా క్యామ్రీని తీసుకోవచ్చు. 1982లో విడి మోడల్‌గా మొదలైన ఈ కారు ఇప్పటికీ తయారవుతోంది. మన దేశానికి కావలసినవి బెంగళూరు దగ్గరి బిడదిలో బిగిస్తున్నారు.

ఎమ్‌జీబీ పొడవు 3.9 మీటర్లకు కాస్త తక్కువ, బరువు సుమారు 920 కిలోలు. 1,798 సీసీ ఇంజన్, రెండు కార్బురేటర్లు, 95 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు, వెనక ఇరుసు కింద కమాన్ కట్టలు. 2024లో వచ్చిన కొత్త తరం క్యామ్రీ పొడవు 4.9 మీటర్లు, బరువు 1,600 కిలోల దరిదాపు. 2.5 లీటర్ల పెట్రోలు ఇంజనూ ఎలక్ట్రిక్ మోటార్లూ కలిసి 225 హార్స్‌పవర్‌కు తగ్గకుండా ఇస్తాయి.

ఈ సంవాదంలో రోడ్‌స్టర్ పక్షాన మాట్లాడేది విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లు బాగుచేస్తూ తల పండిన మేస్త్రి. సెడాన్ పక్షాన మాట్లాడేది ఆయన మేనల్లుడు. కార్ల భద్రత పరీక్షించే ఇంజనీరు.

ఆబింగ్డన్ కారుతో ఆటోనగర్ మేస్త్రికి పనేమిటన్న ప్రశ్నకు ఆయన దగ్గర సిద్ధంగా జవాబుంది. “ఒరే అల్లుడూ, దాని బానెట్ ఎత్తితే నాకు కొత్తదేమీ కనబడదు. మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి నడిచింది 1,489 సీసీ ఇంజన్. ఇందులో 1,798. రెండూ బ్రిటిష్ కార్ల కంపెనీ బీఎమ్‌సీ వాళ్ళ బీ సిరీసే. స్ట్రోక్ రెంటికీ ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. బోరు మాత్రం 73 నుంచి 80కి పెంచారు. హెడ్‌లైట్లు కూడా అవే, ఏడంగుళాల గుండ్రటివి.”

ఆయన చెప్పింది నిజమే. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టిన కారే కలకత్తా దగ్గరి ఉత్తరపాడాలో అంబాసిడర్‌గా 2014 దాకా తయారైంది. ఆ కుటుంబపు ఇంజనే పెద్దదై ఎమ్‌జీబీలో కూర్చుంది. సినిమాల్లో కనిపించే ఎర్రటి స్పోర్ట్స్ కారు, కలెక్టరాఫీసు ముందు నిలబడిన తెల్లటి అంబాసిడరు ఒకే ఇంజను బంధువులన్న సంగతి చాలామందికి తెలియదు. రోడ్‌స్టర్ అంటే ఏదో అపురూపమైన యంత్రం కాదనీ, తన కాలపు మామూలు విడిభాగాలను ఒద్దికగా పేర్చిన కారనీ గ్రహించడానికి ఈ బంధుత్వం ఒక్కటి చాలు.

మేస్త్రి మొదటి వాదన ఆ కారుతో మనిషికి ఉండే సంబంధం గురించి. “దీన్ని స్టార్ట్ చేయాలంటే నీకు పని తెలియాలి. చలిగా ఉంటే చోక్ లాగాలి. సెల్ఫ్ కొట్టాలి. వేడెక్కేకొద్దీ చోక్ కొంచెం కొంచెం లోపలికి తోయాలి. తొలిరోజుల బళ్ళలో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ లేదు. బండి పూర్తిగా ఆగకుండా ఫస్ట్‌లో వేస్తే గేర్లు గరగరలాడతాయి. అంటే ఆ పని నీకింకా రాలేదని బండే చెబుతుంది.”

కార్బురేటర్ ట్యూనింగ్ దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగుతాడు. ఎమ్‌జీబీకి ఉండే ఎస్‌యూ రకం కార్బురేటర్‌లో గంట ఆకారంలో ఒక గది, అందులో పైకీ కిందికీ కదిలే పిస్టన్, దాని అడుగున కొసకు పోనుపోను సన్నబడే సూది ఉంటాయి. ఇంజన్ గాలి పీల్చేకొద్దీ పిస్టన్ లేస్తుంది. దాంతోపాటు సూది కూడా జెట్‌లోంచి లేచి, పెట్రోలుకు దారి వెడల్పవుతుంది. పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా పైన చిన్న గొట్టంలో కాస్త నూనె పోస్తారు. మిశ్రమం సరిగా ఉందో లేదో చూడటానికి పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను వెంట్రుకవాసి ఎత్తి ఇంజన్ వేగం వినాలి. వేగం పెరిగి అలాగే నిలబడితే పెట్రోలు ఎక్కువ. పడిపోయి ఆగబోతే తక్కువ. క్షణం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిపోయినట్టు. ఆ తరువాత రెండు కార్బురేటర్లూ సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలుసుకోవాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొసను ఒక్కో నోటి దగ్గరా ఉంచి, ఆ ‘స్‌స్’ శబ్దాలు ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పాలి. అంబాసిడర్‌కు ఒకటే కార్బురేటర్ కనుక ఈ రెండో మెట్టు లేదు.

“ఇంజన్‌తో మాట్లాడటమంటే ఇదీ” అంటాడు మేస్త్రి.

ఇంజనీరు ఈ నైపుణ్యాన్ని కాదనడు. అది అవసరం కావడాన్నే తప్పు పడతాడు. “మావయ్యా, మీరు చెవిపెట్టి నెలకోసారి చేసే పని క్యామ్రీలో కంప్యూటర్ సెకనుకు ఎన్నోసార్లు చేస్తుంది. పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సెన్సర్ చెబుతుంది. దాన్నిబట్టి ఇంజెక్టర్ పెట్రోలు కొలిచి పోస్తుంది. బండి బందరు సముద్రం ఒడ్డున ఉన్నా, లంబసింగి చలిలో ఉన్నా మళ్ళీ ట్యూన్ చేయక్కర్లేదు. మీరు సరిచేసింది ఆ రోజు ఆ ఎండకు సరిపోతుంది. రేపటి వాతావరణానికి పోదు.” క్యామ్రీ ఇంజన్ ఉష్ణ సామర్థ్యం 41 శాతం దాకా ఉందని టొయోటా చెబుతుంది. అంటే పెట్రోలులోని శక్తిలో అంత భాగం పనికి మారుతుందన్నమాట. కార్బురేటర్ కాలపు ఇంజన్లు దాని దరిదాపులకైనా రాలేదు.

వేగం సంగతి త్వరగా తేలిపోతుంది. గంటకు 60 మైళ్ళు, అంటే 97 కిలోమీటర్లు, అందుకోవడానికి ఎమ్‌జీబీకి పదకొండు సెకన్ల పైన పడుతుంది. ఐదుగురిని మోసే క్యామ్రీ ఏడు సెకన్ల దరిదాపుల్లో అందుకుంటుంది. మేస్త్రి కూడా ఈ అంకెలతో పేచీ పెట్టుకోడు. ఆయన మాట వేరు. “అరవైలో పోతుంటే ఎమ్‌జీబీలో ఎనభైలో ఉన్నట్టుంటుంది. నీ క్యామ్రీలో నూట ఇరవై కూడా నలభైలాగే ఉంటుంది. వీటిలో ఏది మనిషిని జాగ్రత్తగా ఉంచుతుంది?”

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. ఎమ్‌జీబీ స్టీరింగుకు పవర్ సాయం లేదు. రాక్ అండ్ పినియన్ ద్వారా ముందు చక్రాల కదలిక నేరుగా చేతికి అందుతుంది. సన్నటి టైర్లు కనుక పట్టు సడలడం తక్కువ వేగంలోనే మొదలవుతుంది, అదీ ఒక్కసారిగా కాక మెల్లగా సడలుతుంది. సీటు దాదాపు వెనక ఇరుసు ముందే ఉండటంతో బండి వెనక భాగం కాస్త జారినా నడుముకు తెలుస్తుంది. క్యామ్రీలో ఎలక్ట్రిక్ మోటారు స్టీరింగును తేలిక చేస్తుంది. రబ్బరు బుష్షులు గతుకులను మింగేస్తాయి. రోడ్డు సంగతి డ్రైవరుకు చేరేలోపే చాలా మటుకు వడపోత అయిపోతుంది.

ఇంజనీరు జవాబు ఇక్కడే పదునెక్కుతుంది. “సమాచారం చేతికి అందితే సరిపోదు మావయ్యా, స్పందించడానికి వ్యవధి ఉండాలి. వానలో మలుపు తిరుగుతుంటే ఎదురుగా గేదె వచ్చింది. మామూలు డ్రైవరు బ్రేక్ మీద నిలబడి స్టీరింగు తిప్పేస్తాడు. ఎమ్‌జీబీలో చక్రాలు బిగుసుకుపోయి బండి నేరుగా జారుతుంది. ఇందులో ఏబీఎస్ చక్రాలను తిరగనిస్తుంది, స్థిరత్వ నియంత్రణ ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి బండిని దారిలో ఉంచుతుంది. ఈ స్థిరత్వ నియంత్రణ లాభాన్ని చూసే అమెరికా దీన్ని 2012 మోడళ్ళ నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి చేసింది. రోడ్డు మీద ఉండేవాళ్ళు నైపుణ్యం ఉన్నవాళ్ళే కాదు కదా.”

అసలు ప్రమాదమే జరిగితే ఏమవుతుందన్న దగ్గర మేస్త్రి తరతరాల నమ్మకాన్ని ముందుకు తెస్తాడు. పాతకాలపు రేకు మందం, ఇప్పటివి అట్టముక్కలు, గుద్దితే ఇవే నలుగుతాయి అని. ఇంజనీరు దీనికి తర్కంతో కాక ఒక పరీక్షతో బదులిస్తాడు. అమెరికాలో బీమా కంపెనీలు నడిపే రహదారి భద్రతా సంస్థ, తనకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 2009లో, 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ 2009 నాటి షెవర్లే మాలిబూ సెడాన్‌నూ గంటకు 40 మైళ్ళ వేగంతో ఎదురెదురుగా, డ్రైవర్ల వైపు సగం సగం తగిలేలా గుద్దించింది. బెల్ ఎయిర్ పెద్ద కారు, బోలెడంత ఉక్కు. అయినా డ్రైవరు కూర్చునే చోటే కుప్పకూలింది. స్టీరింగు, డ్రైవరు సీట్లో కూర్చోబెట్టిన బొమ్మ మీదికి వచ్చేసింది. మాలిబూలో ముందు భాగం నుజ్జయింది గానీ డ్రైవరు గది ఆకారం చెదరలేదు. బొమ్మ కాలికి తగిలింది స్వల్ప గాయమే.

“నలగడమే దాని పని మావయ్యా” అంటాడు ఇంజనీరు. “బానెట్ నలుగుతూ దెబ్బను తాను తీసుకోవాలి. మనిషి కూర్చున్న గది మాత్రం నలగకూడదు. రేకు మందంగా ఉండి నలగకపోతే ఆ దెబ్బ ఎటు పోతుంది? మనిషి రొమ్ముకే.” ఎమ్‌జీబీలో పైకప్పు గుడ్డది. బోల్తా పడితే తలకు రక్షణ లేదు. ఎయిర్‌బ్యాగుల ఊసే లేదు. మన దేశంలో అమ్మే క్యామ్రీలో అవి తొమ్మిది. బ్రిటన్‌లో ముందు సీట్లవాళ్ళు బెల్టు పెట్టుకు తీరాలన్న చట్టం అమలైంది 1983లో, అంటే చివరి ఎమ్‌జీబీ తయారైన రెండేళ్ళు దాటాక. ఈ అధ్యాయంలో మేస్త్రి పక్షానికి నిలబడగల వాదన లేదు. పిల్లల్ని వెంటేసుకుని హైవే ఎక్కే మనిషికి పాత రోడ్‌స్టర్ సిఫారసు చేయడం బాధ్యత కాదు.

మేస్త్రి దాన్ని ఒప్పుకుంటూనే మరో సంగతి తీస్తాడు. “భద్రత పేరు చెప్పి ఆ బండిని ఏం చేశారో చూడు.” అమెరికా నిబంధనల కోసం 1974 చివర్లో ఎమ్‌జీబీకి క్రోమ్ బంపర్లు తీసి దొడ్డు నల్ల రబ్బరువి బిగించారు. బంపరు ఎత్తు చాలడం కోసం కారునే అంగుళం పైకి లేపారు. అమెరికాకు వెళ్ళే బళ్ళకు పొగ తగ్గించాలని రెండు కార్బురేటర్లు తీసి ఒకటే పెట్టారు. 95 ఉన్న హార్స్‌పవర్ అక్కడ 60ల్లోకి దిగజారింది. ఎత్తు పెరగడంతో మలుపుల్లో బండి వాలడం మొదలుపెట్టింది. భద్రత కోసమని చేసిన మార్పు నడకను పాడుచేసింది.

ఇక్కడ ఇంజనీరు మేనమామతో ఏకీభవిస్తాడు, కారణం మాత్రం వేరుగా చెబుతాడు. భద్రత మీద నుంచి అతికించేది కాదు, మొదటి గీత గీసినప్పుడే ఉండాల్సింది. అందుకు రుజువుగా మజ్దా ఎమ్ఎక్స్-5ను చూపిస్తాడు. 1989లో షికాగో ప్రదర్శనలో వచ్చిన ఈ కారు బ్రిటిష్ రోడ్‌స్టర్ల మీద అభిమానంతో జపాన్‌లో తయారైంది. ముందు ఇంజన్, వెనక చక్రాలకు శక్తి, ఇద్దరికే చోటు, తక్కువ బరువు. నూనె కారదు, వానకు తడవదు, పొద్దున్నే మొండికెయ్యదు. 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. ఈనాటి నిబంధనలన్నీ పాటిస్తూ కూడా సుమారు వెయ్యి కిలోల దగ్గరే ఆగింది. అటు ఎమ్‌జీ గుర్తు ఇప్పుడు చైనా కంపెనీ సాయిక్ చేతిలో ఉంది. ఆ పేరుతో వచ్చిన సైబర్‌స్టర్ అనే ఎలక్ట్రిక్ రోడ్‌స్టర్ బరువు రెండు టన్నులకు దగ్గర. పాత ఎమ్‌జీబీకి రెట్టింపు పైమాటే. రోడ్‌స్టర్ సుగుణాలకు మూలం పాతదనం కాదు, తేలికదనం. మజ్దా ఇంజనీర్లు పట్టుకున్నది దాన్నే.

మైలేజీలో పోటీ లేదు. ఎమ్‌జీబీ లీటరుకు ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు ఇస్తుంది. క్యామ్రీకి మన దేశంలో ప్రకటించిన లెక్క 25కు పైనే. రోడ్డు మీద అంత రాకపోయినా తేడా మాత్రం పెద్దది. పాత బండికి పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టర్ కూడా లేదు. కనుక కిలోమీటరుకు వదిలే విషవాయువులు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంధనం మారినప్పుడల్లా దానికి కొత్త చిక్కు వస్తుంది. సీసం కలిపిన పెట్రోలు ఉన్నంతకాలం అది వాల్వు సీట్లకు పూతలా పనిచేసేది. అది పోయాక సీట్లు అరగకుండా హెడ్డు దించి గట్టి ఉక్కు సీట్లు వేయించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఇథనాల్ వంతు. పాత రబ్బరు పైపులూ కార్బురేటర్ సీళ్ళూ దానికి ఉబ్బి పగులుతాయి. మన దేశంలో బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు మామూలైపోయాక పాత బండి ఉన్న ప్రతివాళ్ళూ ఆ పైపులు మార్పించుకోక తప్పదు.

రిపేరు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి గొంతు మారుతుంది. ఆయన వాదనంతటికీ బలం ఇక్కడే ఉంది. “ఎమ్‌జీబీ హెడ్‌లైట్ పగిలితే గుండ్రటి దీపం ఒకటి కొని స్క్రూలు బిగిస్తే అయిపోయె. మీ బళ్ళలో లోపల చిన్న ఎల్‌ఈడీ పోయినా దీపం మొత్తం మార్చాలంటారు. ముందు అద్దం పగిలితే అద్దం వేసి ఊరుకోవడానికి లేదు, దాని వెనక కెమెరాకు మళ్ళీ కొలతలు నేర్పాలంటారు. స్కానర్ కావాలి, దానికి కంపెనీ అనుమతి కావాలి. పానా పట్టినవాడికి పని లేకుండా చేశారు. బండి కొన్నవాడికి దాన్ని విప్పే హక్కు ఎందుకు ఉండదు?”

ఇది ఒక మేస్త్రి గోడు మాత్రమే కాదు. 2014 ఆగస్టులో మన కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలూ, రిపేరు సమాచారం, పరీక్ష పరికరాలూ బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నదే అభియోగం. కంపెనీలు కోర్టుకెక్కాయి. అమెరికాలో మాసచూసెట్స్ ఓటర్లు 2012లోనే రిపేరు హక్కు చట్టానికి మద్దతు పలికారు. 2020లో దాన్ని కార్లు వైర్‌లెస్‌గా పంపే సమాచారానికీ విస్తరించారు.

ఇంజనీరు రెండు మాటలు చెబుతాడు. మొదటిది, రిపేరు సులువన్నది గొప్పే గానీ, రిపేరే తక్కువ రావడం ఇంకా గొప్ప. ఎమ్‌జీబీ ముందు చక్రాల కింగ్‌పిన్‌లకు మూడు వేల మైళ్ళకోసారి గ్రీజు కొట్టాలి. పాయింట్ల సందు ఫీలర్ గేజ్‌తో సరిచూడాలి, ట్యాపెట్లు సర్దాలి. 1974 దాకా వచ్చిన బళ్ళలో సీట్ల వెనక నేలలో రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు దాగి ఉండేవి. వాటిలో నీళ్ళు చూడాలంటే ముందు కార్పెట్ ఎత్తాలి. క్యామ్రీకి ఏడాదికోసారి సర్వీసు చేయిస్తే చాలు. హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది. రెండోది, “నా చేత్తో విప్పుకుంటానన్న మీ మాటలో న్యాయముంది మావయ్యా. కానీ ఆ నేరం కంప్యూటర్‌ది కాదు. తాళంచెవి దాచుకున్న కంపెనీది. సమాచారం బయటపెడితే స్కానర్ కూడా మీ చేతిలో ఒక పానాయే.” ఈ మాటతో ఇద్దరి మధ్య దూరం చాలా తగ్గుతుంది. ఈ వ్యాసం కూడా ఇంజనీరు పక్షమే.

రోడ్‌స్టర్‌కు అసలు శత్రువు ఇంజన్ కాదు, తుప్పు. ఎమ్‌జీబీకి విడి ఛాసిస్ లేదు. కప్పు కూడా లేదు కనుక బలమంతా తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టె ఆకారపు సిల్లుల్లోనే ఉంది. అవి లోపలి నుంచి తుప్పు పడతాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. కొనబోయేవాళ్ళు ఒక పని చేస్తారు. తలుపు వెనక సందు ఎంతుందో చూసుకుని, బండిని జాకీ మీద లేపి మళ్ళీ చూస్తారు. సందు మారితే బండి నడుం వంగుతున్నట్టే. సిల్లు కోసి కొత్తది వేసేటప్పుడు తలుపు చట్రానికి అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డింగ్ చేసి నిలబెట్టాలి. లేకపోతే బాడీ కుంగి, ఆ తరువాత ఎన్ని తంటాలు పడ్డా తలుపు పట్టదు.

“మరి నలభై ఏళ్ళ తరువాత నీ క్యామ్రీని ఎవరు నిలబెడతారు?” అన్నది మేస్త్రి అడిగే చివరి ప్రశ్న. ఎమ్‌జీబీ విషయంలో దీనికి జవాబు దొరికింది. పాత డైలు వెతికి పట్టుకుని, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి బాడీ మొత్తాన్ని కొత్తగా తయారు చేసి అమ్ముతోంది. పూర్తిగా పుచ్చిపోయిన బండిని కూడా ఆ కొత్త బాడీలోకి మార్చుకోవచ్చు. క్యామ్రీ రేకునూ ఇంజన్‌నూ రేపు ఎవరైనా అలా చేయగలరేమో. ప్రత్యేకంగా చేసిన చిప్పులనూ, వాటిలోని ప్రోగ్రాములనూ కంపెనీ సాయం లేకుండా చేయడం కష్టం. ఇంజనీరు దీన్ని దాటవేయడు. తయారీ ఆపేసిన మోడళ్ళ సాఫ్ట్‌వేరునూ సర్క్యూట్ల పటాలనూ కొన్నేళ్ళకు బహిరంగం చేయాలన్న నియమం లేకపోతే ఈ తరం కార్లలో ఒక్కటీ పాతకారుగా మిగలదని ఒప్పుకుంటాడు. అమెరికాలో మాలిబూ తయారీ 2024లోనే ఆగిపోయింది. ఎస్‌యూవీల ధాటికి సెడాన్లు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. కనుక ఈ ప్రశ్న మరీ దూరంలో లేదు.

ఇక పాత బండి ఎక్కడ తిరగాలన్నది చట్టం కొంతవరకు తేల్చింది. బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు రోడ్డు పన్ను లేదు. 2018 నుంచి ఏటేటా జరిగే ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన, అసలు రూపంలోనే ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళ తరువాత తిరిగి నమోదుకు 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తరువాత ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనకూ, ర్యాలీకీ, సాంకేతిక పరిశోధనకూ, పెట్రోలు పోయించడానికీ, మరమ్మతుకూ రోడ్డెక్కవచ్చు. రోజువారీ ప్రయాణాలకూ కిరాయికీ కుదరదు. మేస్త్రికి ఈ హద్దు సమ్మతమే. ఆ ర్యాలీకి బండిని సిద్ధం చేసే కుర్రాళ్ళకు కార్బురేటర్ పని నేర్పే చోటు ఆటోనగర్‌లో ఒకటైనా ఉండాలన్నది ఆయన షరతు. ఆ చోట స్కానర్ కూడా ఉండాలన్నది మేనల్లుడి షరతు.